నిండుగంట

"అయిదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి, వెళ్లు" అన్నాను, మైరీ వెళ్లిపోయింది. ఆరూ ముప్ఫై ఒకటి. ఆ పిల్ల వీపు మీద నంబరు కూడా ముప్ఫై ఒకటే, మా పందేల్లో పద్ధతి అంతే, నంబరెంతో ఆరింటి మీద అన్ని నిమిషాలకు బయల్దేరాలి, నిమిషానికొకరు చొప్పున, ఎవరి గాలిని వాళ్లే చీల్చుకుంటూ, పన్నెండున్నర మైళ్లు పోయి, అక్కడ తిరిగి, మళ్లీ పన్నెండున్నర మైళ్లు తొక్కి ఇక్కడికే రావాలి, పక్కన పోటీదారు ఉండడు, ఎదుట పోటీదారు ఉండడు, ఉన్నదల్లా నా మెడలో వేలాడే ఈ గడియారం. ఇరవై అయిదు మైళ్లు గంటలోపు. ఒక్కసారి గంటలోపు వచ్చినవాడు మా ఫైఫ్ జిల్లాలో చచ్చేదాకా ఆ మాట చెప్పుకుంటాడు, పెళ్లాం విసుక్కున్నా చెప్పుకుంటాడు. మైరీ పోయినేడాది గంటా మూడు నిమిషాలు, ఏప్రిల్లో గంటా నలభై సెకన్లు, ఇవాళ బయల్దేరే ముందు నా చెవిలో "రోనా ఆంటీ, ఇవాళ లోపలే" అంది. దాని సైకిలు హ్యాండిల్ మీద ఏమీ లేదు. మిగతా అందరికీ వేగమూ టైమూ గుండె కొట్టుకోవడమూ చూపించే మీటర్లున్నాయి, దీనికి లేదు, వాళ్ల తాత ఆలిక్ పెట్టనివ్వడు. ఎందుకు పెట్టనివ్వడో ఈ రోడ్డు మీద అందరికీ తెలుసు. ఆ కారణానికి కారణం నేనని మాత్రం ఎవరికీ తెలియదు. నలభై ఆరేళ్లయింది. ఈ వేసవితో గడియారం దించేస్తున్నాను, కళ్లు సరిగ్గా ఆనడం లేదు, కాబట్టి చెప్పాలి, ఆ పిల్ల తిరిగొచ్చేలోపు ఆలిక్‌తో చెప్పాలి, ఇవాళ చెప్పకపోతే ఇక నా బతుకులో చెప్పను.

ముప్ఫై రెండు, ముప్ఫై మూడు. సీటు పట్టుకుని రైడర్లను నిలబెట్టి, నా మాట రాగానే వదిలిపెట్టేవాడు కిన్నెయిర్, ముప్ఫై ఏళ్లుగా వాడే, చేతులు రెండూ సీటు కిందే ఉంటాయిగానీ నోరు మాత్రం ఊరంతా తిరుగుతుంది. "ఏమోయ్ నిండుగంటా, మనవరాలు నీ పరువు తీసేట్టుందే!" అని అరిచాడు. రోడ్డు వారగా కర్ర మీద ఆనుకుని నిలబడ్డ ఆలిక్ "తీయనీరా, నాకు మాత్రం ఏమంత మిగిలింది" అన్నాడు, అందరూ నవ్వారు, ఆలిక్ కూడా నవ్వాడు, నేను గడియారం వైపు చూశాను. నిండుగంట. ఆ పేరు పెట్టింది కిన్నెయిర్ వాళ్ల నాన్న. ఆ మాట అన్నది నేను. నలభయ్యో నంబరు పోయాక మడతకుర్చీ చంకన పెట్టుకుని, ముగింపు గీత దగ్గరికి నడిచాను, రెండొందల గజాలు కూడా లేదు, బార్లీ చేల మీదుగా సముద్రపు మంచు వచ్చి కూర్చుంది, లొమాండ్ కొండలు రెండూ మాయం, పక్క పొలంలో గొర్రెలు దగ్గుతున్నాయి ముసలివాళ్లలా. కుర్చీ వేసుకున్నాను. రోడ్డు మీద నా చేత్తో గీసిన సుద్ద గీత. ఏడింటికి రెండు నిమిషాలు తక్కువ. "నాలుగు!" అంటూ మొదటివాడు దాటాడు, గీత దాటేటప్పుడు నంబరు అరవాలి, అది మా నియమం, వంగిపోయిన వీపుల మీద నంబరు ఎవరికి కనబడుతుంది, అరిస్తే చూపు గీత మీద నుంచి ఎత్తక్కర్లేకుండా రాసుకోవచ్చు. చూపు ఎత్తకూడదు. ముందు చక్రం గీతను తాకగానే గడియారం చూడాలి, ముఖం చూడకూడదు, కన్నకొడుకైనా సరే. మా నాన్న నాకు నేర్పిన మొదటి మాట అది, చివరి మాట కూడా అదే అనుకుంటాను.

మా నాన్నే మా సైకిల్ క్లబ్బు గడియారం, అంటే పందేలకు టైము చూసేవాడు. ఆయన చేతులు వణకడం మొదలెట్టాక గడియారం నాకివ్వమన్నాడు. ఇరవై నాలుగేళ్లు నాకు, అది డెబ్భై తొమ్మిదో సంవత్సరం, కమిటీలో తొమ్మిది మంది మగవాళ్లు, అధ్యక్షుడు బాల్‌ఫోర్ పైపు నోట్లోంచి తీయకుండానే "ఆడపిల్ల చేతికి గడియారమిస్తే కుర్రాళ్ల కాళ్లకేసి చూస్తుందేగానీ ముళ్లకేసి చూస్తుందా?" అన్నాడు. నవ్వులే నవ్వులు. మా నాన్న నవ్వలేదు. "నా కూతురు ఒక్క సెకను తప్పితే నేను క్లబ్బు విడిచిపెట్టి పోతాను" అన్నాడు, ఆ మనిషికి క్లబ్బు తప్ప వేరే ప్రపంచం లేదు, నేల మీద పరిచే లినోలియం ఫ్యాక్టరీలో ముప్ఫై ఎనిమిదేళ్ల వాసన ఆదివారం పొద్దున్న ఒక్కపూట వదిలేది ఆయన్ని. ఆ మాట నా మెడలో గడియారంతోపాటు వేలాడింది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పదకొండు పందేలు, ఒక్క తప్పు లేదు, బాల్‌ఫోర్ ప్రతివారం తన చేతి గడియారంతో సరిచూసుకునేవాడు, తేడా దొరక్కపోయేసరికి పైపు కొరికేవాడు. "తొమ్మిది!" సరే, తొమ్మిది, ఏడూ అయిదూ పన్నెండు సెకన్లు, రాశాను, ఎవడో ఉమ్ముకుంటూ పోయాడు. ఎక్కడున్నాను. జూన్. జూన్ మూడో ఆదివారం, ఇంత మంచు లేదు, ఎండ, ఆలిక్ నంబరు ఇరవై.

ఆలిక్ గురించి ఎలా చెప్పను, ఇప్పుడు కర్ర పట్టుకుని నిలబడ్డ ఆ ముసలాణ్ణి చూస్తే ఎవరు నమ్ముతారు, బొగ్గు గనిలో పనిచేసేవాడు, శనివారం మధ్యాహ్నం షిఫ్టు దిగి, ఆదివారం పొద్దున్న ఆరింటికి ఇక్కడ ఉండేవాడు, కనురెప్పల అంచుల్లో కాటుక పెట్టినట్టు బొగ్గు. ఆ కళ్లు. అంతే, అంతకన్నా ఏమీ లేదు, మేమిద్దరం ఏనాడూ ఏమీ మాట్లాడుకోలేదు, ఒకసారి వానలో నాకు తన టోపీ ఇచ్చాడు, ఒకసారి ఫ్లాస్కులో టీ సగం ఇచ్చాడు, సిగ్గులేనిదాన్ని, ఆ సగం టీ మీద నేను ఒక ఇల్లు కట్టుకున్నాను. ఆ ఆదివారం ఆరూ ఇరవైకి వెళ్లాడు. ఏడూ పందొమ్మిది దాటాక మలుపు దగ్గర కనబడ్డాడు, గడియారంలో సెకన్ల ముల్లు ఇంకా పైకి ఎక్కుతూనే ఉంది, వస్తాడు, లోపలే వస్తాడు అనుకుంటున్నాను, చూపు గీత మీదే ఉంది, దేవుడి మీద ఒట్టు, గీత మీదే ఉంది. అప్పుడు అరిచాడు. ఇరవై అని కాదు. "రోనా!" అని. నా పేరు. గొంతు చిరిగిపోయేట్టు నా పేరు. తలెత్తాను. ఎవరు ఎత్తరు? ముఖం చూశాను, నోరు తెరిచి ఉంది, బొగ్గు కళ్లు నన్నే చూస్తున్నాయి, అలా చూస్తూనే నన్ను దాటి వెళ్లిపోయాడు. అప్పుడు గుర్తొచ్చింది గడియారం. చూస్తే ముల్లు సరిగ్గా పన్నెండు మీద నిలువుగా ఉంది. ఏడూ ఇరవై. చక్రం గీతను ఎప్పుడు తాకిందో నేను చూడలేదు. కానీ నా ఒంటికి తెలుసు, నేను ఆ ముఖాన్ని ఎంతసేపు చూశానో, తలెత్తి మళ్లీ దించడానికి ఎంత పట్టిందో, రెండు సెకన్లు. ఒకటి కాదు, రెండు. యాభై తొమ్మిది నిమిషాల యాభై ఎనిమిది సెకన్లలో వచ్చాడు ఆ మనిషి.

వెనక్కి తొక్కుకుంటూ వచ్చి, రోడ్డు మీదే కూలబడి "ఎంత?" అన్నాడు. బాల్‌ఫోర్ కూడా వచ్చి నా పక్కన నిలబడ్డాడు, ఆ రోజే వాడు ఇంట్లో గడియారం మరిచిపోయాడట, చూడండి నా ఖర్మ. "ఊఁ, ఎంత పిల్లా?" అన్నాడు. అక్కడ నేను చెప్పాల్సింది ఒక్కటే, నేను చూపు ఎత్తాను, సరిగ్గా చూడలేదు అని. అలా చెబితే ఎందుకు ఎత్తావంటారు. పేరు పిలిచాడంటే ఓహో అంటారు. వెనకాల మా నాన్న వణికే చేతులతో టీ పోస్తున్నాడు. "గంట" అన్నాను. "గంటా ఎంత?" అన్నాడు బాల్‌ఫోర్. "ఎంతా లేదు. నిండుగంట." నవ్వారు. ఆలిక్ రోడ్డు మీద పడుకుని ఆకాశం చూస్తూ వాడూ నవ్వాడు. "నిండుగంటా! దరిద్రం! వచ్చేవారం చూస్తా" అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాలి, ఎవరికి చెప్పినా చెప్పకపోయినా నాకు నేను చెప్పుకోవాలి, వచ్చేవారం అనగానే నాకు సంతోషమేసింది. గంటలోపు వచ్చేస్తే పెద్ద పందేలకు గ్లాస్గో వైపు పోతాడు, రాకపోతే మళ్లీ ఆదివారం నా గీత దగ్గరికే వస్తాడు కదా అనిపించింది. మా నాన్న పరువు కోసం అబద్ధమాడానని చాలా ఏళ్లు సర్దిచెప్పుకున్నాను. సగం అందుకే. రెండో సగం ఇది.

"పద్నాలుగు!" "పదమూడు!" ఇద్దరూ ఒకేసారి, పదమూణ్ణి పద్నాలుగు పట్టేశాడు, పాపం. రాశాను. ఏడూ పదిహేను. మైరీ ఈపాటికి ఫ్రూకీ ఊరు దాటి స్ట్రాబెరీ తోటల దగ్గరుంటుంది, ఎదురుగాలి అక్కడే. ఆ తర్వాతి ఆదివారం కూడా అక్కడే ఎదురుగాలి, పైగా వాన. ఆలిక్ హ్యాండిల్‌కి ఏదో తోలుముక్కతో కట్టి ఉంది, ఏమిటని చూస్తే చేతి గడియారం. "ఈసారి నువ్వు చెప్పేదాకా ఆగను, నాకే తెలుస్తుంది" అని కన్ను గీటాడు, నేను నవ్వాను, నవ్వి అయిదు నాలుగు మూడు లెక్కపెట్టి పంపించాను. రాలేదు. ఏడూ ఇరవై, ఏడూ ముప్ఫై, ఆ తర్వాత ఇరవై నాలుగో నంబరువాడు గీత దాటుతూ తన నంబరు అరవకుండా "ఆలిక్ పడ్డాడు" అని అరిచాడు. రోడ్డు వారన ఒక బ్రెడ్డు వ్యాను ఆగి ఉంది, డ్రైవరు దిగి ఏదో ఇంట్లో బ్రెడ్డు ఇస్తున్నాడు, మనవాడు తల దించుకుని గడియారం చూసుకుంటూ వెళ్లి దాన్ని వెనకనుంచి గుద్దాడు. తుంటి ముక్కలు. వ్యాను తలుపులు తెరుచుకుని రోడ్డంతా బ్రెడ్లు వానలో నానుతూ పడి ఉన్నాయట, చెప్పినవాళ్లు నవ్వుతూ చెప్పారు తర్వాత్తర్వాత, అప్పుడు కాదు. మళ్లీ పందెం తొక్కలేదు. గనిలోకీ దిగలేదు.

ద్రాక్షపళ్లు తీసుకుని ఆస్పత్రికి వెళ్లాను, చెప్పేద్దామనే వెళ్లాను, వార్డులో ఒక నర్సు దిండు సర్దుతోంది, గ్రెటా, ఆలిక్ "ఈ నిండుగంట గాడికి తుంటి కూడా నిండుగా విరిగిందిలే" అంటే పగలబడి నవ్వింది, నేను పళ్లు పెట్టేసి బస్సెక్కి వచ్చేశాను. వాళ్ల పెళ్లి కేకు గడియారం ఆకారంలో చేయించారు, రెండు ముళ్లూ పన్నెండు మీద. నేనూ ఒక ముక్క తిన్నాను. తర్వాత క్లబ్బువాళ్లు ఒక కప్పు పెట్టారు, నిండుగంట కప్పు, ఆ ఏడాది గంటకు అతిదగ్గరగా వచ్చి లోపలికి రాలేనివాడికి, నవ్వులాటకి, ఏటా ఆలిక్ చేతులమీదుగా ఇస్తారు, ఏటా టైములు నేను చదువుతాను. ఆలిక్ కుర్రాళ్లకు నేర్పించడం మొదలుపెట్టాడు, ముప్ఫై ఏళ్లలో ఎంతమందో, ఇద్దరు దేశం తరఫున తొక్కారు, అందరికీ మొదటిరోజే ఒకటే మాట, "హ్యాండిల్ మీద గడియారం పెట్టావో నా కంటికి కనబడకు. టైము చెప్పడానికి రోనా ఉంది. ఆ మనిషి ఒక్క సెకను తప్పదు." ఆ మాట నా ఎదురుగానే చెబుతాడు. గ్రెటా పోయి మూడేళ్లయింది. స్మశానంలో కూడా చెప్పాలనుకున్నాను, బుద్ధి లేదు నాకు.

కర్ర చప్పుడు. ఆలిక్ ఫ్లాస్కు పట్టుకుని వచ్చి నా కుర్చీ పక్కన రోడ్డు వార రాయి మీద కూర్చున్నాడు, కూర్చోవడానికి ఎడమకాలు ముందుకు చాచి, చెయ్యి నేలకానించి, నెమ్మదిగా, నేను ఎప్పుడూ ఆ కూర్చోవడం చూడను, తల తిప్పేసుకుంటాను. మూత నిండా టీ పోసి నాకిచ్చాడు.

"చల్లారిపోతుంది, తాగు. ఎంతయింది?"

"ఏడూ ఇరవై రెండు."

"ఎదురుగాలిలో కూడా కాళ్లు ఆడిస్తూనే ఉంటుంది అది. వాళ్ల నాన్నకి రాలేదు ఆ బుద్ధి."

"ఆలిక్, నీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పు. గడియారం దించేస్తున్నావని కిన్నెయిర్ చెప్పాడులే. నాకు ముందు చెప్పలేదని కోపమొచ్చింది. నువ్వు లేకపోతే మాకెవడు చెబుతాడే నిజం?"

"ఇరవై రెండు!" అంటూ ఎవరో దాటారు, రాసుకున్నాను, రాసేసరికి ఆలిక్ లేచి మలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు. పోయింది నా ధైర్యం. ఇరవై ఏడు వచ్చాడు, ఇరవై ఆరు వచ్చాడు, ఏడూ ముప్ఫై అయింది, ఇంకో నిమిషం ఉంది ఆ పిల్లకి. మంచు కొంచెం పల్చబడింది. గోధుమరంగు జడ, ఎర్ర చొక్కా, మలుపు దగ్గర. నలభై సెకన్లు. ఎంత బాగా తొక్కుతోంది, తల పైకే ఉంది, రోడ్డు చూస్తోంది, ఆలిక్ నేర్పినట్టే. యాభై. ఆలిక్ కర్ర నేలకు కొడుతున్నాడు. అప్పుడే వచ్చింది నాకా పాపిష్టి ఆలోచన, తాత దగ్గర తీసుకున్న రెండు సెకన్లు మనవరాలికి ఇచ్చేస్తే? ఎవరికి తెలుస్తుంది? ఆ పిల్ల దగ్గర మీటరు లేదు. యాభై తొమ్మిది నిమిషాల యాభై తొమ్మిది అంటే నమ్ముతారు, నేను ఒక్క సెకను తప్పనుగా. చూపు గీత మీద. గీత మీద. "ముప్ఫై ఒకటి!" చక్రం తాకింది. ఏడూ ముప్ఫై ఒకటీ, ఒక సెకను.

దాటిపోయి, తిరిగి, ఊపిరందక సైకిలు మీదికే వాలిపోయి వచ్చింది. "ఆంటీ, ఎంత?"

"గంటా ఒక సెకను."

కళ్లలో నీళ్లు తిరిగాయి పిల్లకి, మరుక్షణం కోపం. "ఒక్క సెకనా! ఒక్క సెకనే! చివరి మైలులో నాకు తెలిసి ఉంటే ఇంకో రెండు తొక్కులు తొక్కేదాన్ని కదా! తాతా, ఇక నీ మాట వినను, వచ్చే ఆదివారం మీటరు పెడతా. ఒక్క సెకనుకి పోవడం ఎలా ఉంటుందో నీకు తెలియదా?"

"తెలుసే" అన్నాడు ఆలిక్. మెల్లిగా అన్నాడు. ఆ పిల్ల కన్నీళ్లు చూసి ముప్ఫై ఏళ్ల మాట మెత్తబడిపోయింది. "తెలుసు. సరే, పెట్టుకో."

పిల్ల కోటు వేసుకోవడానికి స్టార్టు దగ్గరున్న వాళ్ల వ్యాను వైపు వెళ్లింది. నేను లేచి నిలబడ్డాను, కుర్చీ వెనక్కి పడింది. "పెట్టనివ్వకు" అన్నాను. "ఆలిక్, పెట్టనివ్వకు. నీది గంట కాదు."

"ఏంటి?"

"ఆ రోజు. నువ్వు నా పేరు అరిచావు, నేను తలెత్తి నీ ముఖం చూశాను, చక్రం చూడలేదు. గడియారం చూసేసరికి నువ్వు దాటిపోయావు. బాల్‌ఫోర్‌కి భయపడి నిండుగంట అన్నాను. నువ్వు లోపలే వచ్చావు. లోపలే వచ్చావు, ఆలిక్."

ఆలిక్ నా వైపు తిరిగాడు. నెరిసిన రెప్పలు, ఆ బొగ్గు ఎప్పుడో పోయింది. "ఎంత?" అన్నాడు. మా వాళ్లు ఇంకేం అడుగుతారు.

"రెండు సెకన్లు. యాభై తొమ్మిదీ యాభై ఎనిమిది."

"యాభై తొమ్మిదీ యాభై ఎనిమిది" అన్నాడు. మళ్లీ అన్నాడు. ఎడమచెయ్యి తుంటి మీదికి పోయింది, అక్కడే ఉండిపోయింది. "నేను టైము కోసం పిలిచానే నిన్ను" అన్నాడు. "రోనా, ఎంత, అని అడగబోయాను. ఊపిరి చాలక సగంలో ఆగిపోయింది. అంతే."

అంతే. నలభై ఆరేళ్లు నేను ఆ పిలుపును కూడా దాచుకున్నాను, తప్పు పక్కనే, తప్పుతోపాటే, అప్పుడప్పుడూ తీసి చూసుకున్నాను. తిట్టమని అడుగుదామనుకున్నాను. తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. నా చేతిలోంచి టీ మూత తీసుకుని, మిగిలిన చుక్క గడ్డి మీద వొంపి, ఫ్లాస్కుకి బిగించాడు. ముప్ఫై నాలుగో నంబరువాడు అరిచి దాటిపోయాడు, అరుపు విన్నాను, గడియారం చూడలేదు, వాడి టైము నా కాగితం మీద లేదు.

"ఏమోయ్ నిండుగంటా!" స్టార్టు దగ్గర్నుంచి కిన్నెయిర్ కేకేశాడు. "పిల్ల ఏడుస్తోందిక్కడ, దిగిరా!"

"ఆఁ, వస్తున్నా" అన్నాడు ఆలిక్, ఆ పేరుకే పలికాడు, కర్ర ఆనించుకుని ఎడమకాలు ఈడ్చుకుంటూ రోడ్డు వారన నడిచి వెళ్లాడు.